కరివేపాకు రసంతో షుగర్ తగ్గుతుందా? మా మావయ్య తాగాడు, చెప్తా వినండి

పరగడుపున కరివేపాకు రసం తాగితే షుగర్ తగ్గుతుందని, తెల్లజుట్టు నల్లబడుతుందని అందరూ చెప్తున్నారు, నిజమేనా, రోజుకి ఎంత తాగాలి అని ఒకరు అడిగారు.

రసం తాగకండి, ఆకు తినండి. షుగర్ మాత్ర మాత్రం ఆపకండి. నిజానికి జవాబు ఇంతే. కానీ మా సత్యనారాయణపురం మావయ్య సంగతి చెప్పకుండా ఈ ప్రశ్న దాటి వెళ్లడం నావల్ల కాదు.

మావయ్య రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యాడు. షుగర్ ఎప్పటినుంచో ఉంది. ఒకరోజు ఫోన్లో ఎవరో పంపిన వీడియో చూశాడు. ఇక మర్నాడు పొద్దున్నుంచి పెరట్లో కరివేపాకు చెట్టుకి గ్రహచారం పట్టుకుంది. రెండు పెద్ద రెమ్మలు దూసి, మిక్సీలో గ్లాసు నీళ్లతో తిప్పి, టీ వడకట్టే జల్లెడలో పోసి గరిటెతో అదిమి పిండేవాడు. పైన పచ్చటి నురుగు. ముక్కు మూసుకుని గటగటా తాగేసి, అరగంట ఆగి కారప్పొడీ నెయ్యీ వేసుకుని ఇడ్లీల మీద పడేవాడు. అత్తయ్య "ఇంక చాలండీ" అంటే "పొద్దున రసం తాగాగా, అదే చూసుకుంటుందిలే" అనేవాడు. పెళ్లిళ్లలో లడ్డూకీ ఇదే సమాధానం. చివరికి రాత్రి మాత్ర కూడా మానేశాడు, అత్తయ్యకి చెప్పకుండా.

అసలు తమాషా ఇంకోటుంది. జల్లెడలో మిగిలిన పిప్పిని అత్తయ్య పారేసేది కాదు. "ఇంత ఆకు బూడిదలో పోసినట్టు పోస్తామా" అని నూనెలో వేయించి, చింతపండూ ఎండుమిరపకాయలూ వేసి పచ్చడి నూరేది. తనొక్కతే అన్నంలో కలుపుకుని తినేది. నన్నడిగితే ఆ ఇంట్లో కరివేపాకు తిన్నది అత్తయ్యే, మావయ్య తాగింది పచ్చరంగు నీళ్లు.

ఎందుకంటారా? కరివేపాకు గురించి సైన్సు వాళ్లు అంత మాట్లాడేది అందులోని కార్బజోల్ ఆల్కలాయిడ్లు అనే రసాయనాల వల్ల. కార్బజోల్‌ని 1872లో బొగ్గు తారులో కనుక్కున్నారు. చెట్టులో కూడా ఆ జాతి పదార్థం ఉంటుందని 1965లో కలకత్తాలో డి.పి. చక్రవర్తి బృందం ఈ కరివేప చెట్టులోంచే తీసి చూపించింది. దాని పేరు ముర్రయనిన్. మహానింబిన్, గిరినింబిన్, కోనింబిన్ అని ఈ జాతివే ఇంకా ఇందులో బయటపడ్డాయి. వీటిని ఆకులోంచి లాగడానికి ల్యాబుల్లో హెక్సేన్, ఎసిటోన్ లాంటి ద్రావకాలు వాడతారు. ఇవి నీళ్లకి లొంగే సరుకు కాదు, నూనెలో కరిగే సరుకు. ఆకులో దండిగా ఉండే బీటా కెరోటిన్ కూడా అంతే, కాస్త నూనో నెయ్యో తోడుంటేనే ఒంటికి పడుతుంది. మన పూర్వీకులకి హెక్సేన్ తెలీదు గానీ పోపు తెలుసు. కాగిన నూనెలో కరివేపాకు చిటపటలాడించి ఆకుతో సహా కూరలో కలిపారు. ఇంతకంటే మంచి పద్ధతి ఏ వీడియో వాడూ కనిపెట్టలేడు.

కోనింబిన్ అన్న పేరు వెనక కోనిగ్ అనే దొర ఉన్నాడు. తమిళనాడు తీరాన తరంగంబాడిలో డేనిష్ వాళ్ల దగ్గర వైద్యుడిగా చేసి, మొక్కల పిచ్చితో ఊళ్లు తిరిగినవాడు. కరివేపాకు శాస్త్రీయ నామం ముర్రయా కోనిగీలోనూ ఆయన పేరే ఉంది. 1785లో మన కాకినాడ జగన్నాథపురంలోనే కన్నుమూశాడు. మన పిల్లల పుస్తకాల్లో ఇలాంటి ముక్క ఒక్కటీ రాయరు.

సరే, షుగర్. మహానింబిన్ లాంటివి ఎలుకల్లో షుగర్ తగ్గించిన మాట నిజమే. ఆ ఎలుకలకిచ్చింది విడిగా తీసిన పదార్థమో గాఢమైన సారమో, వాటి బరువు లెక్కగట్టి. మనం రెండు రెమ్మలు పిండుకుని అదే జరగాలంటే ఎలా జరుగుతుంది? కాల్షియం సంగతీ అంతే. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ పాత పట్టికలో నూరు గ్రాముల కరివేపాకుకి 830 మిల్లీగ్రాములని ఉంటుంది. పాలకంటే ఎన్నో రెట్లు ఎక్కువ అని ఊరేగిస్తారు. అయ్యా, పోపులో వేసే రెమ్మ బరువెంత? పైగా ఆకులోని ఆక్సలేట్లు ఆ కాల్షియాన్ని కొంత పట్టేసుకుంటాయి. జుట్టంటారా, మా ఇంటి ఆడవాళ్లంతా కరివేపాకు కాచిన నూనె రాసినవాళ్లే. ఇప్పుడు అందరూ రంగు వేసుకుంటున్నారు.

మావయ్యకి కొన్నాళ్లకి అరికాళ్లు మంటలు మొదలయ్యాయి. మూడు నెలల షుగర్ సగటు చెప్పే పరీక్ష చేయిస్తే తొమ్మిది శాతం దాటింది, అంటే బాగా ఎక్కువ. డాక్టరు గారు రసం గురించి విని కోప్పడలేదు. "ఆకు తినండి మావయ్యగారూ, నేనూ తింటా. నేను రాసిన మాత్ర మీరెలా ఆపారు?" అని ఒక్క మాటే అన్నారు. ఆ డాక్టరు మా పిన్ని అల్లుడి స్నేహితుడు, అందుకే ఆ వరస. మళ్లీ మాత్రలు, పొద్దున్నే కాలవ గట్టు మీద నడక. అత్తయ్య ఇడ్లీ గిన్నె తన దగ్గరే పెట్టుకుంది.

ఆకు ఎక్కడిదన్నది మాత్రం ఎవరూ అడగరు. మంగళగిరి దగ్గర పెదవడ్లపూడి వైపు వెళ్తే కరివేపాకు తోటలే కనిపిస్తాయి. ఆకు మీద చిన్న మచ్చ ఉన్నా మార్కెట్లో కొనరు, అందుకని రైతు మందు కొట్టాల్సిందే. తప్పు రైతుది కాదు, మచ్చలేని ఆకు కావాలని తిప్పి తిప్పి చూసే మనది. యూరప్ వాళ్లు పురుగుమందుల అవశేషాల భయంతో మన కరివేపాకుకి ప్రత్యేక తనిఖీలు పెట్టారు. మనం అదే ఆకుని కుళాయి కింద ఒకసారి చూపించి, పచ్చిగా గ్లాసెడు రసం తీసి తాగుతాం! ఆకు లోపలికి పాకే మందు కడిగితే పోదు.

మరో బాధ. ఒకప్పుడు గుంటూరులో కూరలు కొంటే కరివేపాకు, కొత్తిమీర కొసరు వేసేవారు. ఇప్పుడు అడిగితే ఎగాదిగా చూసి, వాడిపోయిన నాలుగు రెమ్మలకి పది రూపాయలంటున్నారు.

అందుకని మీకు కాస్త నేలుంటే ఒక మొక్క పెట్టుకోండి. గింజయితే పండు పండగానే తాజాగా నాటాలి, ఎండితే మొలవదు. పెద్ద చెట్టు మొదట్లో వచ్చే పిలక వేరుతో సహా తెచ్చుకుంటే ఇంకా తేలిక. కొనలు తుంచుతూ ఉంటే గుబురవుతుంది. ఆకు ఎక్కువైనప్పుడు కడిగి నీడన ఆరబెట్టి, చెంచా నూనెలో గలగలమనేదాకా వేయించి, మినప్పప్పు, ధనియాలు, ఎండుమిరప, కాస్త చింతపండు, వెల్లుల్లి వేసి పొడి కొట్టండి. వెల్లుల్లి చివర్లో పచ్చిగానే వేసి ఒక్క తిప్పు తిప్పాలి, ముందే వేస్తే పొడి ముద్దవుతుంది.