ఆన్‌లైన్ పాఠాలు ఉండగా తరగతి గది, ఉపాధ్యాయుడు ఇంకా ఎందుకు?

పాఠం చెప్పడం ఒక్కటే ఉపాధ్యాయుని పని అయితే, దాన్ని వీడియో చక్కగానే చేస్తుంది. వెనక్కి తిప్పి మళ్లీ వినవచ్చు కూడా. కానీ 52 నుంచి 38 తీసివేసి 26 అని రాసిన పిల్లవాడికి ఆన్‌లైన్ పరీక్ష సాధారణంగా తప్పు అని మాత్రమే చూపుతుంది. పలక చూసిన ఉపాధ్యాయురాలు, వాడు పదుల స్థానం నుంచి అప్పు తెచ్చుకోకుండా 8లోంచి 2 తీసేశాడని గ్రహించి, అక్కడే సరిదిద్దుతుంది. 2020 సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీశాట్ టీవీ ఛానళ్ల ద్వారా పాఠాలు ప్రసారమైనప్పుడు, పిల్లలు చూస్తున్నారో లేదో కనుక్కోవలసింది మళ్లీ ఉపాధ్యాయులే అయ్యారు. (మధ్యాహ్న భోజనాన్ని తెర మీద వడ్డించలేమన్న సంగతి సరేసరి.) సొంతంగా చదువుకోగల పెద్ద తరగతుల విద్యార్థులకు స్వయం, దీక్ష వంటి ప్రభుత్వ ఆన్‌లైన్ వేదికలు నిజంగా మేలు చేస్తాయి, చిన్న తరగతులకు మాత్రం అవి అనుబంధమే.