బ్యోమ్‌కేశ్ బక్షీలో ఒక్క ఎపిసోడే చూడమంటే

దూరదర్శన్ రోజుల డిటెక్టివ్ సీరియళ్లలో ఇప్పటి పిల్లలకు చూపించదగిన ఎపిసోడ్ ఒక్కటి చెప్పమని అడిగారు. నా సమాధానంలో తడబాటు లేదు: బాసు ఛటర్జీ దర్శకత్వంలో 1993లో మొదలైన ‘బ్యోమ్‌కేశ్ బక్షీ’లోని ‘రాస్తే కా కాంటా’, అంటే ‘దారిలోని ముల్లు’. భారతీయ టెలివిజన్‌లో అంతకు మించిన డిటెక్టివ్ కథ రాలేదు, ఇకపై వస్తుందన్న ఆశ కూడా నాకు లేదు. హత్య ఎలా జరిగిందో చెప్పకుండా దాని గొప్పదనం వివరించడం సాధ్యం కాదు కనుక అది చెబుతాను. చేసింది ఎవరో మాత్రం చెప్పను.

కలకత్తా రద్దీ వీధుల్లో రోడ్డు దాటుతున్న మనుషులు ఉన్నట్టుండి కుప్పకూలి చనిపోతుంటారు. గుండెలో గ్రామోఫోన్ పిన్ను దిగి ఉంటుంది. తుపాకీ పేలిన చప్పుడు ఎవరికీ వినబడదు, పారిపోతున్న మనిషి ఎవరికీ కనబడడు. ఒక పెద్దమనిషి మాత్రం పిన్ను జేబు గడియారానికి తగలడంతో బతికిపోయి, బ్యోమ్‌కేశ్ దగ్గరికి వస్తాడు. ఇదిలా ఉండగా, దారిలోని ముల్లు తొలగించుకోదలచినవారు శనివారం సాయంత్రం ఫలానా దుకాణం మూలనున్న దీపస్తంభం దగ్గర నిలబడాలని పత్రికలో ఒక ప్రకటన పదే పదే పడుతుంటుంది. మిత్రుడు అజిత్ పత్రికలో వార్తలు చదువుతాడు. అసలు వార్తలన్నీ ప్రకటనల్లోనే ఉంటాయని నమ్మే బ్యోమ్‌కేశ్ ప్రకటనలు చదువుతాడు. వాళ్లిద్దరి స్వభావాలు వేరని తెలియడానికి ఆ ఒక్క తేడా చాలు.

మేము దీన్ని చూసింది వాల్తేరు రైల్వే కాలనీలో. అప్పట్లో వాల్తేరు డివిజన్, కలకత్తా కేంద్రంగా ఉన్న ఆగ్నేయ రైల్వే కింద ఉండేది కనుక మా క్వార్టర్స్‌లో బెంగాలీ కుటుంబాలు బాగానే ఉండేవి. మా పక్కింటి ఆవిడను మేము కాకీమా అని పిలిచేవాళ్లం. శరదిందు బంద్యోపాధ్యాయ రాసిన బ్యోమ్‌కేశ్ కథలన్నీ ఆవిడ బెంగాలీలో ఎప్పుడో చదివేశారు. మాకు హిందీ అంతంత మాత్రమే కనుక పక్కన కూర్చుని, వచ్చీరాని తెలుగులో మాటలు విడమరచి చెప్పేవారు; కథలో రాబోయేది మాత్రం ఒక్క ముక్క పొక్కనిచ్చేవారు కారు. ఆవిడ భర్త కూడా అవే కథలు చదివారు, కానీ ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. ఆ రాత్రి ఒక పాత్ర తెర మీదికి వచ్చి కుర్చీలో కూర్చుందో లేదో, ఆయన గుమ్మంలోంచి “వీడే రా హంతకుడు” అని ప్రకటించారు. కాకీమా లేచి వెళ్లి, ఆయన చేతిలో టీ గ్లాసు పెట్టి, వరండాలోకి పంపి తలుపు వేసి వచ్చారు. తర్వాత కథ అంతా మేము ఆ పాత్ర ముఖంకేసి చూస్తూ గడిపాం. ఒక రహస్యాన్ని వెదికే ఆనందం జీవితంలో ఒక్కసారే దక్కుతుంది, దాన్ని ఎదుటివాడి దగ్గర లాగేసుకోవడం దొంగతనమే. ఇంటర్నెట్‌లో ఈ ఎపిసోడ్ కింద మొదటి వ్యాఖ్యలోనే హంతకుడి పేరు రాసే మహానుభావులను చూసినప్పుడల్లా, వారిని కూడా వరండాలోకి పంపి తలుపు వేసే సదుపాయం ఉంటే బాగుండుననిపిస్తుంది.

అయితే ఆయన కూడా ఆయుధం సంగతి చెప్పలేదు. అది సైకిలు గంట. గంట మోగుతుంది, పిన్ను దూసుకువస్తుంది, సైకిలు ముందుకు సాగిపోతుంది. మర్నాడే మేము మా నాన్నగారి డ్యూటీ సైకిలు గంట మూత తిప్పి ఊడదీశాం. లోపల గ్రీజు పట్టిన రెండు పళ్ల చక్రాలు, సన్నటి స్ప్రింగు, బొటనవేలితో నొక్కే మీట ఉన్నాయి. పిన్ను పెట్టి గురిచూసే చోటు ఎక్కడా కనబడలేదు. పై ఇంట్లో ఉండే ఫిట్టరు గారు వచ్చి, ఇంత స్ప్రింగుకు చొక్కా గుడ్డ కూడా చిరగదని, ఇదంతా సినిమా కథ అని తేల్చేశారు. యంత్రం సంగతి ఆయనకు తెలిసి ఉండవచ్చు గానీ కథ సంగతి తెలియదని నా అభిప్రాయం. వీధిలో రోజంతా వినబడే చప్పుడును ఎవరూ అనుమానించరన్నదే ఇక్కడ అసలు పన్నాగం. దానికి విరుగుడు కూడా ఇంటి సామానులోంచే వస్తుంది: హంతకుణ్ణి ఎదుర్కోవడానికి అర్ధరాత్రి బయలుదేరినప్పుడు ఛాతీకి అడ్డుగా కట్టుకున్నది పింగాణీ పళ్లెం.

ఈ సీరియల్ అంతటా ఇదే పద్ధతి కనిపిస్తుంది. ఒక కథలో ప్రాణం తీసేది అగ్గిపుల్ల, మరొకదానిలో ముళ్లపంది ముల్లు, ఇంకొకదానిలో రహస్యమంతా రాసుకునే సిరాలో ఉంటుంది. ప్రయోగశాలలో తేలేది దాదాపు ఏమీ ఉండదు. ధోవతి కట్టుకుని బ్యోమ్‌కేశ్‌గా నటించిన రజిత్ కపూర్ ఎదుటివాడు చెప్పేది అడ్డు తగలకుండా వినడం, తర్వాత కె.కె. రైనా పోషించిన అజిత్‌తో మాట్లాడుతూ సిగరెట్టు కాల్చడం, అంతే. 1985లో వచ్చిన డిటెక్టివ్ సీరియల్ ‘కరమ్‌చంద్’ కూడా నాకు ఇష్టమే, కానీ పంకజ్ కపూర్ నమిలిన క్యారెట్లు గుర్తున్నంతగా ఆ నేరాలు గుర్తులేవు. ఇక ఇప్పటి సీరియళ్లలో ఎవరో ఒక మాట అనగానే గదిలోని ప్రతి ముఖాన్నీ మూడుసార్లు దగ్గరగా చూపించి, ఉరుము శబ్దం వేస్తారు. ప్రేక్షకుడు తనంతట తాను ఆలోచించగలడన్న నమ్మకం లేకపోవడమే దీనికి కారణం. కొమ్మూరి సాంబశివరావు తెలుగు నవలల్లోని డిటెక్టివ్ యుగంధర్, అతని సహాయకుడు రాజు జంటకు బాసు ఛటర్జీ వంటి దర్శకుడు దొరికి ఉంటే, మన డిటెక్టివ్ సీరియళ్ల చరిత్రే మరోలా ఉండేది.

2020 లాక్‌డౌన్‌లో దూరదర్శన్ ఈ సీరియల్‌ను మళ్లీ ప్రసారం చేసినప్పుడు, మా చెల్లెలి కూతురికి ఈ ఎపిసోడ్ చూపించాను. అది చివరిదాకా కదలకుండా చూసి, “మామయ్యా, ఆ రోజుల్లో సీసీ కెమెరాలు ఉంటే ఈ కథ పది నిమిషాల్లో అయిపోయేది కదా!” అంది. అవ్వదన్నాను. కెమెరాలో కనబడేది రోడ్డుకు అడ్డంగా వచ్చిన మనిషికి గంట కొట్టి, తన దారిన తాను పోతున్న ఒక సైకిలు మనిషి మాత్రమే. పోలీసులు అతన్ని పిలిచినా సాక్షిగానే పిలుస్తారు. అది కాసేపు వాదించింది గానీ, తర్వాత ఇదే సీరియల్‌లోని ‘మకడీ కా రస్’ ఎపిసోడ్ పెట్టమని అడిగింది. మీ ఇంట్లోనూ రెండోది అదే పెట్టండి: అందులో అజిత్ వెళ్లి చూసి వచ్చి చెబుతాడు, బ్యోమ్‌కేశ్ ఇల్లు కదలకుండానే చిక్కుముడి విప్పుతాడు. పిల్లలు కూడా అజిత్ చూసినదంతా చూస్తారు కనుక, విప్పే అవకాశం వాళ్లకూ సమానంగా ఉంటుంది. మీరు మాత్రం నోరు విప్పవద్దు.