వెనక సీట్లకు పాట వినిపించడానికి 3,400 డాలర్లా?

ప్రశ్న: డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. రెండేళ్ల కిందట 21 అడుగుల పాత బౌరైడర్ బోటు (ముందు భాగంలోనూ సీట్లుండే రకం) కొన్నాం, పెట్రోలు ఇంజిన్‌ది. లేక్ లూయిస్‌విల్‌లో తిప్పుతుంటాం. ముందు భాగంలో రెండు, స్టీరింగ్ దగ్గర రెండు స్పీకర్లున్నాయి. కాక్‌పిట్‌లో వెనక కూర్చున్నవాళ్లకు పాట సరిగ్గా వినపడదు. ఒక షాపు నాలుగు 8 అంగుళాల స్పీకర్లు, సబ్‌వూఫర్, పెద్ద యాంప్, పనితో కలిపి 3,400 డాలర్లు అడుగుతోంది. స్టోర్ కార్డు మీద 18 నెలలు వడ్డీ లేదంటున్నారు. మాకు 24 శాతం వడ్డీ మీద 4,800 డాలర్ల క్రెడిట్ కార్డు బాకీ ఉంది. సేవింగ్స్ 9,000, నెల ఖర్చు 6,500. నెలకు 900 మిగులుతోంది, అందులో 150 దీనికి కేటాయిద్దామనుకుంటున్నాను. లేదంటే ఇంటి మీద క్రెడిట్ లైన్ తీసుకోమంటారా?

జవాబు: రెండూ వద్దు. స్పీకర్లు మాత్రం పెట్టించుకోండి, అయితే 600 డాలర్ల దగ్గర ఆగండి. అదీ వచ్చే వేసవికి.

ముందు ఆ స్టోర్ కార్డు సంగతి. ‘18 నెలల్లో పూర్తిగా కడితే వడ్డీ లేదు’ అని రాసి ఉంటే అది వడ్డీ మాఫీ కాదు, వాయిదా. మొదటి రోజు నుంచీ వడ్డీ లెక్క నడుస్తూనే ఉంటుంది. గడువు నాటికి ఒక్క డాలరు మిగిలినా మొత్తం వడ్డీ తెచ్చి మీ నెత్తిన వేస్తారు. మీరనుకున్న 150 చొప్పున 18 నెలలు కడితే 2,700 అవుతుంది, ఇంకా 700 మిగులుతుంది. ఇలాంటి కార్డుల మీద వడ్డీ 30 శాతం దగ్గర ఉండటం మామూలే. ఆ లెక్కన 950 డాలర్లకు పైనే ఒక్కసారిగా బిల్లులో పడుతుంది. తప్పించుకోవాలంటే నెలకు 189 కట్టాలి, ఒక్క నెలా తప్పకూడదు. ఇంటి మీద తీసుకునే లైనుకైతే ఇల్లే తాకట్టు. పైగా ఆ డబ్బు ఆ ఇంటి మీదే పెట్టలేదు కాబట్టి వడ్డీకి పన్ను మినహాయింపూ రాదు.

ఇక కొటేషన్. అందులో వాట్లు చూసి మోసపోకండి. చెవికి శబ్దం రెట్టింపు అనిపించాలంటే పవర్ సుమారు పది రెట్లు పెరగాలి. రెట్టింపు పవర్‌తో వచ్చేది 3 డెసిబెల్సే, జాగ్రత్తగా వింటే తెలిసేంత తేడా. దూరం లెక్క వేరు. ఆరుబయట స్పీకరుకు చెవికి మధ్య దూరం సగమైతే 6 డెసిబెల్స్ పెరుగుతుంది. మీ స్టీరింగ్ దగ్గరి స్పీకర్లు వెనక సీటుకు పదడుగుల దూరంలో ఉన్నాయనుకోండి. కొత్తవి రెండున్నర అడుగుల్లో పెడితే దూరం రెండుసార్లు సగమైనట్టు, అంటే 12 డెసిబెల్స్. అదే పని వాట్లతో చేయాలంటే పదహారు రెట్ల పవర్ కొనాలి. గోటితో పోయేదానికి షాపువాళ్లు గొడ్డలి అమ్ముతున్నారు. మీకు కావలసింది వెనక సీట్ల పక్క గోడలో చెరో 6.5 అంగుళాల మెరైన్ స్పీకరు, అంతే. కొనేటప్పుడు వాట్ల కంటే సెన్సిటివిటీ అంకె, అంటే అదే పవర్‌కు ఎంత గట్టిగా మోగుతుందో చెప్పే అంకె చూడండి. 87 బదులు 90 డెసిబెల్స్ ఉన్న స్పీకరు తెచ్చుకుంటే యాంప్ పవర్ రెట్టింపు చేసినట్టే.

డబ్బు ఖర్చు పెట్టక ముందు ఒక శనివారం నీళ్లు తట్టుకునే బ్లూటూత్ స్పీకరు ఎవరిదైనా తెచ్చి వెనక పెట్టి చూడండి. దానికీ హెడ్ యూనిట్‌కీ (బోటులోని స్టీరియోకు) మధ్య శబ్దం కాస్త వెనకాముందు అవుతుంది. దాంతో సర్దుకోగలిగితే బోటుకు కన్నం పెట్టే పనే లేదు.

సర్దుకోలేకపోతే హెడ్ యూనిట్ మాన్యువల్ తీయండి. పెట్టె మీద ‘4 × 50 వాట్స్’ అని ఉన్నా చాలా యూనిట్లు నికరంగా ఇచ్చేది ఛానెల్‌కు, అంటే ఒక్కో స్పీకరు లైనుకు, 20 చిల్లర వాట్లే. మీ నాలుగు ఛానెళ్లూ నిండిపోయాయి. కొత్త జతను స్టీరింగ్ జతతో ప్యారలల్‌గా కలిపితే స్పీకర్ల నిరోధం 4 ఓమ్‌లు, 4 ఓమ్‌లు కలిసి 2 ఓమ్‌లవుతాయి. యూనిట్ 2 ఓమ్‌లకు సరేనని మాన్యువల్‌లో ఉంటే మీ అదృష్టం. స్పీకర్లు, వైరు, చిల్లర సామాను, పన్ను కలిపి 280 డాలర్ల లోపే పనైపోతుంది. వెనక శబ్దం విడిగా పెంచుకోలేకపోవడం ఒక్కటే లోటు. 4 ఓమ్‌లు కనీసం అని ఉంటే మాత్రం ఆ పని చేయకండి. టెక్సస్ జులై ఎండలో డాష్‌బోర్డు లోపల యూనిట్ వేడెక్కి పాట మధ్యలో ఆగిపోతుంది, కొన్నాళ్లకు యూనిటే పోతుంది. సిరీస్‌లో కలిపితే యూనిట్‌కు ప్రమాదం లేదు గానీ ఒక్కో స్పీకరుకు అందే పవర్ నాలుగో వంతుకు పడిపోతుంది. ఇప్పుడు బాగా వినిపిస్తున్న స్టీరింగ్ జత కూడా నీరసపడుతుంది.

అప్పుడు దారి రెండు ఛానెళ్ల క్లాస్ డి యాంప్. ఛానెల్‌కు 75 వాట్స్ ఆర్‌ఎంఎస్ (నికరంగా ఇచ్చే పవర్) చాలు. నా అంచనా ఇదీ: స్పీకర్ల జత 180, యాంప్ 230, తగరం పూత ఉన్న రాగి వైర్లు 60, ఫ్యూజ్ హోల్డరు 25, హెడ్ యూనిట్ నుంచి యాంప్‌కు పాట తెచ్చే ఆర్‌సీఏ కేబుల్ 30, టెర్మినళ్లు, సీలెంట్, గుండ్రటి కన్నం కోసే హోల్ సా లాంటి చిల్లర 40. మొత్తం 565, 8.25 శాతం సేల్స్ టాక్స్‌తో 612 డాలర్లు. మామూలు కారు వైరు చవకని కొంటే తేమకు లోపల నల్లబడి రెండేళ్లలో మళ్లీ లాగాల్సి వస్తుంది, అక్కడ పొదుపు చేయకండి.

యాంప్ పూర్తి జోరులో 15 ఆంపియర్ల దాకా లాగుతుంది. బ్యాటరీ నుంచి పదడుగుల దూరమైతే రానూపోనూ ఇరవై అడుగులు. 10 గేజ్ వైరులో వోల్టేజీ నష్టం 0.3 వోల్టు, అంటే 3 శాతం లోపే, సరిపోతుంది. ఫ్యూజ్ యాంప్ మాన్యువల్‌లో చెప్పినదే వేయండి. అది యాంప్ దగ్గర కాదు, బ్యాటరీ నుంచి 7 అంగుళాల లోపు ఉండాలి. ఆ వైరు ఎక్కడ ఒరుసుకుపోయినా అంటుకోకుండా కాపాడేది అదే. యాంప్‌ను ఇంజిన్ గదిలో మాత్రం పెట్టకండి. పెట్రోలు ఆవిరి చేరే చోట నిప్పురవ్వ బయటికి రాదని ధ్రువీకరణ ఉన్న పరికరాలే ఉండాలి, చాలా యాంప్‌లకు అది లేదు. సీటు కింద పొడి గూడులో, నేలకు ఎత్తుగా బిగించండి.

ఖరీదైన పొరపాటు కన్నం దగ్గరే జరుగుతుంది. ఆ పక్క గోడ వెనక పెట్రోలు పోసే గొట్టం, ట్యాంకు గాలి గొట్టం వెళ్తుంటాయి. ముందు వెనక నుంచి చెయ్యి పెట్టి తడమండి. తర్వాత చిన్న కన్నం చేసి, వంచిన తీగ ముక్కను దూర్చి గుండ్రంగా తిప్పండి. ఎక్కడా తగలకపోతేనే పెద్ద కన్నం. స్పీకరు లోతు 3 అంగుళాల దాకా ఉంటుంది, అదీ కొలవండి. పైన మాస్కింగ్ టేపు అంటించి, హోల్ సాను మొదట వెనక్కి తిప్పి జెల్‌కోట్ (బోటు పైనుండే నున్నటి పూత) కోస్తే అంచులు చిట్లవు. లోపల బాల్సా చెక్క కనిపిస్తే కోసిన అంచంతా ఎపాక్సీతో మూసేయాలి. అక్కడ నీరు దిగితే 600 డాలర్ల పని వేలల్లోకి వెళ్తుంది. స్పీకరు అంచుకు బ్యూటైల్ టేపు వాడండి, 3ఎం 5200 లాంటి శాశ్వతమైన జిగురు పూస్తే రేపు స్పీకరు మార్చాలన్నా ఊడదు. ఒక స్పీకరుకు ప్లస్, మైనస్ తిరగబడితే బేస్ మాయమవుతుంది. బిగించక ముందు 1.5 వోల్టుల బ్యాటరీ తాకించి రెండు కోన్లూ బయటికే కదులుతున్నాయా చూసుకోండి. ఆర్‌సీఏ కేబుల్‌ను కరెంటు వైరు పక్కన వేస్తే ఇంజిన్‌తో పాటు ‘గుయ్’మనే శబ్దం వస్తుంది, చెరో పక్కన వేయండి.

ఈ పనికి చెయ్యి తిరగకపోతే కన్నాలూ వైరింగూ మాత్రం మెకానిక్‌కు ఇవ్వండి. గంటకు 150 చొప్పున నాలుగు గంటలైనా 600. అప్పుడు కూడా కొటేషన్‌లో మూడో వంతు దాటి కొంచెమే.

మీకు ఒకటే బ్యాటరీ ఉంటే ఇంకో మాట. సగటున 5 ఆంపియర్లు లాగుతుందనుకున్నా నీళ్ల మధ్య లంగరేసి నాలుగు గంటలు పాటలు వింటే 20 ఆంపియర్-అవర్లు ఖర్చు. స్టార్టింగ్ బ్యాటరీ ఇలాంటి వాడకానికి చేసింది కాదు, రెండో వేసవికి ఇంజిన్ తిరగనని మొండికేస్తుంది. టోయింగ్ బోటు బిల్లు ఒక్కసారి కట్టారంటే, పాటల కోసం విడిగా డీప్ సైకిల్ బ్యాటరీ, ఇంజిన్ నడిచేటప్పుడు రెండు బ్యాటరీలనూ చార్జింగ్‌కు కలిపే ఆటోమేటిక్ రిలే కలిపి 300 దాకా అయ్యే ఖర్చు చవకనిపిస్తుంది.

ఇప్పుడు డబ్బు ఎలా వస్తుందో చూద్దాం. క్రెడిట్ కార్డు మీద మీరు ఇప్పుడు నెలకు 96 డాలర్ల వడ్డీ కడుతున్నారు. అక్టోబరు నుంచి 900 మొత్తం అక్కడే పెట్టండి, కొత్తగా ఏమీ గీకకుండా. ఫిబ్రవరి చివరికి బాకీ 620 దగ్గరికి వస్తుంది, మార్చిలో తీరిపోయి 270 మిగులుతుంది. ఏప్రిల్ 900 కలిపితే 1,170. మే నెలాఖరు మెమోరియల్ డే లోపు స్పీకర్లు, యాంప్, రెండో బ్యాటరీ అన్నీ నగదుతో వచ్చేస్తాయి. ఎలాగూ ఆ ఆరు నెలలు బోటు కవరు కిందే ఉంటుంది. కన్నాలు మెకానిక్‌తో పెట్టిస్తే బ్యాటరీని ఒక నెల ఆలస్యంగా కొనండి. 9,000 సేవింగ్స్ మీ ఖర్చుకు నెలన్నర కూడా రాదు, అది ముట్టుకోవద్దు. బ్యాటరీ కొన్న మర్నెల నుంచి ఆ 900 సేవింగ్స్‌లోకే వెళ్లాలి.

బోటు అమ్మేటప్పుడు ఈ ఖర్చు తిరిగి వస్తుందనుకోకండి. కొనేవాళ్లు ఇంజిన్ గంటలు, నేల గట్టిదనం చూస్తారు. రసీదులు మాత్రం దాచి, బిగించిన పరికరాలు పాలసీలో కలిశాయా అని బీమా కంపెనీని ఈ-మెయిల్‌లో అడిగి జవాబు దగ్గర ఉంచుకోండి.