గుంటూరు కాలేజీ బోర్డు మీద పేరు, అమెరికా గ్రాంటు ఫారంలో ఖాళీ గడి

ప్రశ్న: నేను అమెరికాలో ఒక స్టేట్ యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. హెచ్‌-1బి మీద ఉన్నాను. నేషనల్ సైన్స్ ఫౌండేషన్, అంటే ఎన్‌ఎస్‌ఎఫ్ గ్రాంటు ఉంది. ఇద్దరు పీహెచ్‌డీ విద్యార్థుల స్టైపెండ్ దాని నుంచే వస్తుంది. నేను బీటెక్ చదివిన గుంటూరు జిల్లా కాలేజీ మూడేళ్ల కిందట నన్ను ఆనరరీ అడ్జంక్ట్ ప్రొఫెసర్‌గా, అంటే గౌరవ హోదాలో అనుబంధ ప్రొఫెసర్‌గా తీసుకుంది. సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు వారం రోజులు పాఠాలు చెబుతాను. పోయినసారి ఇండియాలోని నా ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో, అంటే ప్రవాసుల బ్యాంకు ఖాతాలో, లక్షన్నర రూపాయలు వేశారు. గ్రాంటు ఫారాల్లో ఇదేదీ రాయలేదు. ఇప్పుడు విదేశీ సంబంధాలు తెలపమని మా యూనివర్సిటీ మెయిల్ పెట్టింది. అలాంటి సంబంధాలుంటే ఫండింగ్ ఆపేస్తారని టీవీలో విని నాన్న రోజూ ఫోన్ చేస్తున్నారు. కాలేజీ వెబ్‌సైట్‌లో నా పేరు తీయించేస్తే సరిపోతుందా?

జవాబు: ముందు మీ చివరి మాట సంగతి. ఆ పని మాత్రం చేయకండి. పేరు తీయించినంత మాత్రాన మూడేళ్లు అక్కడ అడ్జంక్ట్‌గా ఉన్న విషయం చెరిగిపోదు. పాత వెబ్ పేజీ ఎక్కడో ఒకచోట దొరుకుతుంది, బ్యాంకు స్టేట్‌మెంట్ ఎలాగూ ఉంటుంది. ఇప్పటిదాకా మీది రాయడం మరిచిన తప్పు. మెయిల్ వచ్చాక పేరు తీయిస్తే అది కావాలని దాచిన తప్పు అవుతుంది. మొదటిదైతే ఏ లాయరైనా సర్దిచెప్పగలడు. రెండోదానికి నా దగ్గర కూడా మందు లేదు.

ఇక నాన్నగారి టెన్షన్. టీవీవాళ్లు ఒక్క మాటతో తేల్చేస్తున్నారు గానీ ఇందులో రెండు రకాల నియమాలున్నాయి. ఒకటి నిషేధం, రెండోది వెల్లడి. నిషేధం అన్ని దేశాల మీదా లేదు. 2022లో వచ్చిన చిప్స్ అండ్ సైన్స్ చట్టం పేరు పెట్టి చెప్పిన దేశాలు చైనా, రష్యా, ఇరాన్, ఉత్తర కొరియా. ఇండియా అందులో లేదు. ఆ దేశాల తరఫున నడిచే, చట్టం హానికరమన్న టాలెంట్ ప్రోగ్రాముల్లో, అంటే బయటి పరిశోధకులను తమవైపు లాక్కునే పథకాల్లో ఉన్నవాళ్లు ఫెడరల్ రీసెర్చ్ గ్రాంటుకు అనర్హులు. ఇదేదో కాగితం మీది బెదిరింపు కాదు. చైనా ప్రభుత్వ మద్దతుతో అమెరికా క్యాంపస్‌లలో చైనీస్ నేర్పే కన్ఫ్యూషియస్ ఇన్‌స్టిట్యూట్లు 2019లో వంద దాకా ఉండేవి. అవి ఉన్న యూనివర్సిటీకి రక్షణ శాఖ నిధులు రావని కాంగ్రెస్ చట్టం చేయడం మొదలుపెట్టాక, నాలుగేళ్లు తిరిగేసరికి ఐదు కూడా మిగల్లేదు. చాలావరకు యూనివర్సిటీలే లెక్కలు వేసుకుని తాళాలు వేసుకున్నాయి.

వెల్లడి నియమం అలా కాదు. దానికి చైనా అయినా ఒకటే, ఇండియా అయినా ఒకటే. మీరు ఇరుక్కున్నది ఇక్కడ. ఎన్‌ఎస్‌ఎఫ్ బయోస్కెచ్‌లో, అంటే దరఖాస్తుతో ఇచ్చే మీ వివరాల పత్రంలో, పదవులు రాసే గడి ఉంటుంది కదా, దాని సూచనలు మళ్లీ ఒకసారి చదవండి. జీతం ఉన్నా లేకపోయినా, పార్ట్ టైమ్ అయినా, అడ్జంక్ట్, విజిటింగ్, ఆనరరీ ఏదైనా సరే, హోదా ఇచ్చిన ప్రతి పదవినీ రాయమని అందులో ఉంది. 'ఆనరరీయే కదా' అని మనవాళ్లు వదిలేసేది సరిగ్గా దీన్నే. మన కాలేజీల సంగతి మీకు తెలియనిది కాదు. కాలేజీలకు గ్రేడు ఇచ్చే న్యాక్ బృందం వస్తోందంటే అమెరికా ప్రొఫెసర్ల పేర్లు బోర్డెక్కుతాయి. అలా తన పేరు ఎక్కిన సంగతి ఆ ప్రొఫెసర్‌కే తెలియని సందర్భాలూ ఉంటాయి.

పాఠాలు చెప్పడం వరకైతే పదవి కింద రాస్తే చాలావరకు సరిపోతుంది. కానీ అక్కడి ల్యాబ్‌లో మీ పేరు మీద పరిశోధన నడుస్తున్నా, విద్యార్థులకు గైడ్‌గా ఉన్నా, లేదా రేపు కేంద్ర ప్రభుత్వం ప్రవాస శాస్త్రవేత్తలకు ఇచ్చే వైభవ్ ఫెలోషిప్ లాంటిది తీసుకున్నా, మీ పరిశోధనకు అందుతున్న, అందబోయే సాయమంతా చూపే 'కరెంట్ అండ్ పెండింగ్ సపోర్ట్' ఫారంలో ఏడాదికి ఎన్ని నెలల సమయం పెడుతున్నారో సహా చూపించాలి.

రాయలేదని తెలిసింది కాబట్టి ఇప్పుడు ఆలస్యం చేయొద్దు. మీ రీసెర్చ్ ఆఫీసుకు రాతపూర్వకంగా చెప్పండి. గ్రాంటు వచ్చాక, అప్పట్లో చూపని సపోర్ట్ బయటపడితే యూనివర్సిటీ 30 రోజుల్లోగా ఎన్‌ఎస్‌ఎఫ్‌కు తెలపాలన్న నియమం ఉంది. మీది ఆ లెక్కలోకి వస్తుందా లేదా అన్నది వాళ్లు తేల్చనివ్వండి. వాళ్ల మెయిల్ వెనక భయం కూడా అర్థం చేసుకోండి. ప్రొఫెసర్ దాచాడని తెలిసీ సరిదిద్దకుండా ఊరుకుంటే చర్య యూనివర్సిటీ మీదికీ వస్తుంది. 2023లో స్టాన్‌ఫర్డ్ తమ అధ్యాపకులకు అందిన విదేశీ సపోర్ట్ చూపలేదన్న ఆరోపణపై 19 లక్షల డాలర్లు కట్టి రాజీ పడింది.

'జైలు దాకా పోతుందా' అని మీరు అడగలేదు గానీ, అదే మీ మనసులో ఉందనిపించింది. రెండు కేసులు చెబుతాను. హార్వర్డ్ కెమిస్ట్రీ ప్రొఫెసర్ చార్లెస్ లీబర్ చైనాలోని వూహాన్ యూనివర్సిటీ ఆఫ్ టెక్నాలజీతో తనకున్న సంబంధం గురించి ఫెడరల్ అధికారులు అడిగినప్పుడు అబద్ధం చెప్పాడని 2021 డిసెంబరులో జ్యూరీ తేల్చింది. చైనాతో కలిసి పనిచేసినందుకు కాదు, అబద్ధానికి. అలాంటి అబద్ధానికి చట్టంలో ఐదేళ్ల దాకా జైలు ఉంది. ఆయనకు చివరికి పడింది ఆర్నెల్ల గృహ నిర్బంధం, జరిమానా. టెనెసీ యూనివర్సిటీ ప్రొఫెసర్ ఆన్మింగ్ హూ కూడా బీజింగ్‌లో పార్ట్ టైమ్ పని దాచాడని కేసు పెట్టారు. గ్రాంటు ఇచ్చిన నాసాను మోసగించే ఉద్దేశం రుజువు కాలేదని అదే ఏడాది సెప్టెంబరులో జడ్జి నిర్దోషిగా విడిచిపెట్టారు. ఈలోగా ఉద్యోగం పోయింది, మళ్లీ తెచ్చుకోవాల్సి వచ్చింది. ఆ రోజుల్లో చైనా మూలాలున్న శాస్త్రవేత్తలు అన్యాయంగా నలిగారన్నది నా అభిప్రాయం. మీ విషయంలో నేను చూసేది ఒక్కటే. అడిగిన రోజున మీరు నిజం చెప్పారా, లేదా.

లీబర్ మీద ఇంకో అభియోగం కూడా రుజువైంది, అది మీ ఎన్‌ఆర్‌ఓ ఖాతా దగ్గరికి వస్తుంది. విదేశీ ఆదాయాన్ని టాక్స్ రిటర్నులో చూపలేదు, విదేశీ ఖాతా రిపోర్టు ఇవ్వలేదు. ఇండియాలోని మీ ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ అనే ఆ ఖాతా రిపోర్టు వేయాలి. లక్షన్నర కూడా అమెరికా రిటర్నులో చూపాలి. అక్కడ కోసుకున్న టీడీఎస్‌కు ఇక్కడ క్రెడిట్ అడగొచ్చు.

యూనివర్సిటీలు విదేశీ విరాళాలు, ఒప్పందాలు చెప్పాలన్న సెక్షన్ 117తో మీకు పని లేదు. అది ఏడాదికి రెండున్నర లక్షల డాలర్లు, ఆపై మొత్తాలకు. దాన్ని 50,000కు దించే బిల్లును 2025 మార్చిలో ప్రతినిధుల సభ ఆమోదించింది. మీ లక్షన్నర రూపాయలు ఆ కొత్త గీతకు కూడా అందవు.

ఇక వీసా. ఇండియాలో ఉండి చెప్పిన పాఠాలకు హెచ్‌-1బి అడ్డు రాదు. అమెరికాలో కూర్చుని జూమ్‌లో చెప్పి డబ్బు పుచ్చుకుంటే మాత్రం ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని కలవండి.

ఈ వారమే కాలేజీ ఇచ్చిన అపాయింట్‌మెంట్ లెటర్ వెతకండి. అక్కడ చేసే పని మీద హక్కులు కాలేజీవేనని గానీ, ఒప్పందం గోప్యంగా ఉంచాలని గానీ ఏదైనా వాక్యం ఉందేమో చూడండి. ఉంటే నాకు పంపండి. లెటరే లేదు, ప్రిన్సిపాల్ గారు ఫోన్లో చెప్పారంతే అంటే, ఆ సంగతి కూడా రీసెర్చ్ ఆఫీసుకు అలాగే రాయండి.