వెదురు బొంగును చీల్చవద్దు

చిరంజీవి అమ్మాయీ,

కలక్కాడ్ ముండంతురై అడవిలో తిరగడానికి నీకు అటవీశాఖ అనుమతి దొరికిందని తెలిసి చాలా సంతోషించాను. పశ్చిమ కనుమల దక్షిణపు కొసన ఉన్న ఆ అడవికి వానల్లోనే వెళ్లాలి. జలగలకు జడిసి ఎండాకాలానికి వాయిదా వేయకు. మోకాలిదాకా వచ్చే గుడ్డ మేజోళ్లు రెండు జతలు పెట్టుకో, చాలు.

నువ్వు వెతకబోయే తెల్లచుక్కల పొదకప్ప బొటనవేలి పై కణుపంత ఉంటుంది. 1876లో దాని వర్ణన అచ్చయింది. ఆ తర్వాత వందేళ్లకు పైగా ఎవరి కంటా పడలేదు. 2011లో మళ్లీ దొరికిందని చదివిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

అది ఎక్కడ కాపురం ఉంటుందో తెలిస్తేనే ఎలా వెతకాలో తెలుస్తుంది. సన్న వెదురు బొంగులో ఏ పురుగో, మరో జంతువో చేసిన చీలిక ఉంటుంది. మగకప్ప అందులోంచి లోపలికి దూరి, అక్కడి నుంచే ఆడకప్పను పిలుస్తుంది. ఆడది లోపలే గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది. వీటికి చెరువు, కుంట అక్కర్లేదు. తోకకప్ప దశ గుడ్డులోనే గడిచిపోయి, బుల్లి కప్పలే బయటికి వస్తాయి. అన్నాళ్లూ కాపలా తండ్రిదే. సాయంత్రం పూట తిండికి కొద్ది గంటలు వెళ్లి, మళ్లీ వచ్చేస్తుంది. తండ్రి లేకపోతే అదే జాతికి చెందిన వేరే మగకప్పలు ఆ గుడ్లను తినేస్తాయి!

అందుకే గట్టిగా చెబుతున్నాను, బొంగును చీల్చి చూడవద్దు. లోపల ఏముందో చూడాలని చేతులు దురద పెడతాయి, నాకు తెలుసు. చీలికలోంచి పట్టే సన్నని గొట్టపు కెమెరా తీసుకెళ్లు. అది కూడా ఒక్కసారి, కొన్ని క్షణాలే. మొదటి మూడు రాత్రులు కెమెరా సంచిలోనే ఉండనీ. దీపం ఆర్పి కూర్చో. కాసేపటికి పిలుపులు విడివిడిగా వినిపిస్తాయి, ఏ పొదలోంచి వస్తోందో చెవికే తెలుస్తుంది. అప్పుడు ఎర్రకాంతి దీపం వేసుకుని నెమ్మదిగా దగ్గరికి వెళ్లు. గంట, చలి, తేమ, వాన పడిందా లేదా, అన్నీ అక్కడే రాసుకో. పొద్దున రాద్దామనుకుంటే సగం పోతుంది.

చేతులకు దోమల మందు రాసుకోకు. కప్ప చర్మం నీటినే కాదు, విషాన్నీ పీల్చుకుంటుంది. ఒక అడవిలో తొడిగిన బూట్లను కడిగి, పూర్తిగా ఆరబెట్టకుండా ఇంకో అడవిలోకి తీసుకుపోకు. కైట్రిడ్ అనే శిలీంధ్రం తడి బురదతో ప్రయాణిస్తుంది. అది ప్రపంచంలో ఎన్నో కప్పజాతులను తుడిచిపెట్టింది.

దారి చూపే కాణి తెగ మనిషి చెయ్యెత్తితే, ఎందుకని అడగకుండా ఆగిపో. అక్కడ ఏనుగులు తిరుగుతాయి.

ఫోటోలు ఎవరికి పంపినా ఆ పొద ఉన్న చోటు మాత్రం చెప్పకు. నాకు కూడా. మొదటి పిలుపు ఏ రాత్రి, ఎన్ని గంటలకు వినిపించిందో అంతవరకు రాయి.

ఆశీస్సులతో,
నీ పెద్దనాన్న