తుపాకి లైసెన్సు: డాక్టరు సంతకం పెట్టనంటే?

ప్రశ్న: బెంగళూరులో ఉంటున్నాను. ఊళ్ళో నాన్నగారి తుపాకిని నా పేరుకు మార్చుకోవడానికి లైసెన్సుకు దరఖాస్తు చేస్తున్నాను. మెడికల్ సర్టిఫికెట్ అడిగితే మా ఫ్యామిలీ డాక్టరు ‘తుపాకులకు నేను సంతకం పెట్టను’ అన్నారు. మూడేళ్ల కిందట డిప్రెషన్‌కి మందులు వాడాను. అది చెప్పకుండా వేరే డాక్టరు దగ్గర రాయించుకోవచ్చా?

జవాబు: వద్దండీ. అసలు విషయం దాచి తెచ్చుకున్న లైసెన్సును ఆయుధాల చట్టం 17వ సెక్షన్ కింద రద్దు చేయొచ్చు.

మీ డాక్టరు మీద కోపం పెట్టుకోకండి. 2016 ఆయుధాల నిబంధనల్లోని ఎస్-3 ఫారంలో (మెడికల్ సర్టిఫికెట్ నమూనా ఇదే) శరీర ఆరోగ్యం, మానసిక స్థితితో పాటు మత్తు పదార్థాలకు బానిస కాదని కూడా రాసివ్వాలి. జ్వరానికి, బీపీకి చూసే డాక్టరు మనసు సంగతి రాయడానికి జంకడం సహజమే.

మీకు వైద్యం చేసిన సైకియాట్రిస్టు దగ్గరికే వెళ్లండి. పాత చీటీలు, మందు ఎప్పుడు ఆపారో తెలిపే కాగితం, ఖాళీ ఎస్-3 ఫారం తీసుకెళ్లండి. తుపాకి మాత్రం వద్దు. ఎక్కడ పెడతారని అడిగితే సూటిగా చెప్పండి: గుండ్లు తీసి బీరువాలో తాళం, గుండ్లకు వేరే చోట వేరే తాళం, తాళంచెవులు మీ దగ్గరే. గతంలో చికిత్స తీసుకున్నంత మాత్రాన ఇప్పుడు మానసిక జబ్బు ఉన్నట్టు తేల్చకూడదని 2017 మానసిక ఆరోగ్య చట్టం 3వ సెక్షన్ చెబుతోంది.

ఇప్పటికీ నిద్ర పట్టకపోవడం, బతుకు మీద విరక్తి ఉంటే మాత్రం దరఖాస్తు ఆపి ముందు వైద్యం చేయించుకోండి.