ఒకే ఒక్క సభ్యుడున్న పార్టీ గురించి రాసే యువ రచయితకు

చిరంజీవికి ఆశీస్సులు.

ఇస్లాంనూ వలసలనూ వ్యతిరేకించే నెదర్లాండ్స్ నాయకుడు గీర్ట్ విల్డర్స్ రాజకీయ జీవితంపై నువ్వు రాసిన వ్యాసం చదివాను. బాగా శ్రమపడ్డావు. కానీ ఆరంభమంతా ఆయన జుట్టు రంగుకూ, ఘాటైన మాటలకూ, ‘డచ్ ట్రంప్’ అన్న పోలికకూ సరిపోయింది. ట్రంప్ అధ్యక్షుడు కావడానికి చాలా ముందే, 1998లోనే, విల్డర్స్ పార్లమెంటులో అడుగుపెట్టాడు. ఆ పోలిక తీసివేసి, ఆ చోట ఒక్క వాస్తవం పెట్టు: 2006లో ఆయన స్థాపించిన ఫ్రీడమ్ పార్టీకి ఉన్న సభ్యుడు ఒక్కడే. ఆయనే.

నీ వ్యాసానికి వెన్నెముక ఇదే కావాలని నా కోరిక. ఆ పార్టీ తరఫున గెలిచినవాళ్లు సైతం అందులో సభ్యులు కారు. మహాసభలు లేవు, నాయకుడి ఎన్నిక లేదు. వెయ్యిమంది సభ్యులుంటేనే ప్రభుత్వ నిధులు దక్కుతాయి కాబట్టి ఆ డబ్బూ రాదు. తెలిసి తెలిసి ఆ నష్టాన్ని ఎందుకు భరిస్తున్నాడని అడుగు. జవాబు 2002లో దొరుకుతుంది. ఆ ఏడాది మే 6న, ఎన్నికలకు 9 రోజుల ముందు, వలసలను వ్యతిరేకించిన మరో డచ్ నాయకుడు పిమ్ ఫోర్టుయిన్‌ను హిల్వెర్సమ్ పట్టణంలో కాల్చి చంపారు. నాయకుడు లేని ఆయన పార్టీ 26 స్థానాలు గెలిచి ప్రభుత్వంలో చేరింది. అంతర్గత కుమ్ములాటలతో ఆ ప్రభుత్వం మూడు నెలలైనా నిలవలేదు. కొన్నేళ్లకు పార్టీయే కనుమరుగైంది. తన పార్టీలో అలాంటి కుమ్ములాటకు చోటే లేకుండా విల్డర్స్ కట్టుదిట్టం చేసుకున్నాడు.

ఇక్కడ మన పాఠకుడికి రెండు విషయాలు విడమరచి చెప్పాలి. నెదర్లాండ్స్‌లో దేశమంతా ఒకే నియోజకవర్గం. దిగువ సభలో 150 స్థానాలుంటాయి, వచ్చిన ఓట్ల నిష్పత్తిలో వాటిని పంచుతారు. రెండోది, మనకున్నలాంటి ఫిరాయింపుల నిరోధక చట్టం అక్కడ లేదు. స్థానం సభ్యుడిదే తప్ప పార్టీది కాదు. టర్కీని యూరోపియన్ యూనియన్‌లో చేర్చుకునే విషయంలో విభేదించి, 2004 సెప్టెంబరులో విల్డర్స్ లిబరల్ పార్టీ నుంచి బయటికి వచ్చినప్పుడు తన స్థానాన్ని వెంట తెచ్చుకోగలిగింది అందుకే. ఆ వెసులుబాటే తర్వాత ఆయనకూ ఎదురుతిరిగింది. పార్టీలో సభ్యత్వం ఉండాలని కోరిన ఆయన పార్టీ ఎంపీ హీరో బ్రింక్‌మన్ 2012 మార్చిలో తన స్థానంతో సహా వెళ్లిపోయాడు. నువ్వు ఒక్క వాక్యంలో దాటేసిన బ్రింక్‌మన్‌కు ఒక పేజీ ఇవ్వు. విల్డర్స్ పార్టీ లోపలి నుంచి సభ్యత్వం కావాలని గొంతెత్తినవాడు అతను.

విల్డర్స్ పోలీసు రక్షణ గురించి ఆదరాబాదరాగా రాశావు. అది తగదు. 2004 నవంబరు 2న, ఇస్లాంను విమర్శించిన సినీ దర్శకుడు థియో వాన్ గోఖ్‌ను ఆమ్‌స్టర్‌డామ్ వీధిలో హత్య చేశారు. ఆ తర్వాతి నుంచి ఈనాటిదాకా విల్డర్స్ కాపలా లేకుండా బయట తిరగలేదు. కొంతకాలం సైనిక శిబిరంలోనూ తలదాచుకున్నాడు. ఆయన్ను చంపినవాళ్లకు బహుమతి ఇస్తానన్న పాకిస్తాన్ మాజీ క్రికెటర్ ఖాలిద్ లతీఫ్‌కు 2023లో డచ్ న్యాయస్థానం, అతను గైర్హాజరైనా, 12 ఏళ్ల శిక్ష వేసింది. ఇవన్నీ రాయి, ఆయన మాటలు నీకు ఎంత నచ్చకపోయినా సరే.

అదే నిష్ఠతో 2014 మార్చి 19 రాత్రి గురించీ రాయి. హేగ్‌లో తన అనుచరుల ముందు నిలబడి, ఈ నగరంలో, ఈ దేశంలో మొరాకన్లు ఎక్కువ కావాలా, తక్కువ కావాలా అని అడిగాడు. ‘తక్కువ, తక్కువ’ అని జనం అరిచారు. అయితే ఆ ఏర్పాటు చేద్దామన్నాడు. ఒక సమూహాన్ని అవమానించాడన్న నేరం 2016లో రుజువైంది, 2021లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. శిక్ష మాత్రం వేయలేదు. ఆ రాత్రి టీవీ ముందు కూర్చున్న మొరాకన్ కుటుంబం నీ వ్యాసంలో ఎక్కడా లేదు. పుట్టి పెరిగిన ఊళ్లో తమ సంఖ్య తగ్గిస్తామంటుంటే విన్న పిల్లలు వాళ్లు. ప్రాణభయం అనుభవిస్తున్న మనిషి ఇతరులకు భయం పంచనూ గలడు. ఒకటి రాస్తే రెండోది చెల్లిపోతుందనుకోకు.

ఇక అధికారం సంగతి. 2010లో 24 స్థానాలతో ప్రధాని మార్క్ రుటె మైనారిటీ ప్రభుత్వానికి బయటి నుంచి మద్దతిచ్చాడు. 2012 ఏప్రిల్‌లో ప్రభుత్వ ఖర్చుల కోతపై చర్చల మధ్యలో లేచి వెళ్లిపోయాడు. తర్వాతి ఎన్నికల్లో 15కు పడిపోయాడు. 2023లో ఇస్లాం వ్యతిరేక ప్రతిపాదనలను పక్కన పెడతానని స్వరం తగ్గించి, 37 స్థానాలతో అందరికన్నా ముందు నిలిచాడు. ప్రధాని పదవికి మిత్రపక్షాలు ఒప్పుకోలేదు. ఏ పార్టీకీ చెందని డిక్ స్కోఫ్ ప్రధాని అయ్యాడు. 2025 జూన్ 3న శరణార్థుల విధానంపై విల్డర్స్ మళ్లీ బయటికి నడిచాడు. అక్టోబరు ఎన్నికల్లో 26 వచ్చాయి. రెండుసార్లూ ‘ఆగు’ అని ఓటేసి అడ్డుకోగల సభ్యుడు ఆ పార్టీలో లేడు. ఈ రెండు నిష్క్రమణలనూ పక్కపక్కన పెట్టి రాస్తే, నువ్వు వాడిన విశేషణాలలో సగం అక్కరలేకుండా పోతాయి.

విల్డర్స్ తల్లి డచ్ ఈస్ట్ ఇండీస్‌లో (నేటి ఇండోనేషియా), సుకబుమిలో పుట్టిందన్న సంగతిని ఒక వాక్యానికి కుదించు. దాన్నుంచి ఆయన మనసంతా విప్పిచెప్పే ప్రయత్నం నీకూ నాకూ సాధ్యమయ్యేది కాదు.

2022లో నూపుర్ శర్మను సమర్థించినందుకు మనవాళ్లలో చాలామందికి ఆయన ఇష్టుడు. నీ పాఠకులు అక్కడి నుంచే మొదలుపెడతారు. వాళ్లను కించపరచకు. 2024లో ఆయన భాగస్వామిగా ఏర్పడిన కూటమి ఒప్పందంలో విదేశీ విద్యార్థుల సంఖ్య తగ్గించాలన్న నిర్ణయం ఉండేదని చెప్పు. ఐండ్‌హోవెన్‌లో, డెల్ఫ్ట్‌లో చదవాలనుకునే మన పిల్లలకు అది నేరుగా తగిలే సంగతి.

వచ్చే ప్రతిలో బ్రింక్‌మన్ పేజీ ముందు రాసి పంపు. మిగతాది దాని తర్వాత చూద్దాం.